కొలరాడోలో తక్కువ ఖర్చుతో పిల్లలకు స్కీయింగ్, స్నోబోర్డింగ్ నేర్పించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"పిల్లాడి క్లాసులో అందరూ స్కీయింగ్‌కి వెళ్తున్నారు. మేం రేట్లు చూసి వెంటనే ఆ పేజీ మూసేశాం." డెన్వర్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల నోట ప్రతి చలికాలం ఈ మాట వింటున్నాను. ఒక్క జీతం మీద నడిచే ఇళ్లు, చదువుకుంటూ పిల్లల్ని పెంచేవాళ్లు, గంటల లెక్కన పనిచేసేవాళ్లు ఏది ముందు చేయాలి, ఎవరిని అడగాలి, ఏం కొనాలి, ఏం కొనకూడదు అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ల కోసమే ఇది వరుసక్రమంలో రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ ఆటలో ఖర్చు తేలేది జనవరిలో కొండ దగ్గర కాదు, ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఇంట్లో కూర్చుని ఫారాలు నింపినప్పుడు. ఉచితంగానో చవకగానో దొరికేవన్నీ మంచు పడకముందే అయిపోతాయి. అందుకే కింది మెట్లను ఇదే వరుసలో చేయండి.

1. డబ్బు ఎక్కడ పోతుందో లెక్క వేయండి

ఒక రోజు స్కీయింగ్‌కి లిఫ్ట్ టికెట్ (కొండ పైకి మోసుకెళ్లే లిఫ్టులు ఎక్కడానికి), సామాను అద్దె, పాఠం, బట్టలు, ప్రయాణం, తిండి కావాలి. చాలామంది లెక్కలో వేసుకోనిది ఇంకొకటి ఉంది: తోడు వెళ్లే పెద్దవాళ్ల టికెట్.

అన్నిటికన్నా భయపెట్టేది లిఫ్ట్ టికెట్. వెయిల్ లాంటి పెద్ద రిసార్టులో రద్దీ రోజున కౌంటర్ దగ్గర పెద్దవాళ్ల టికెట్ 300 డాలర్లు దాటేసింది. అది చూసి ఆగిపోతారు. కానీ ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు ఆ టికెట్ ఉచితంగానో, చాలా తక్కువకో దొరికే దారులున్నాయి. ఆ ఖర్చు తీసేస్తే బరువంతా సామాను, బట్టలు, ప్రయాణం మీద పడుతుంది. మీరు నిజంగా తగ్గించుకోవాల్సింది అక్కడ.

ఒక పిల్లకు సీజన్‌లో నాలుగైదు రోజులకు నేను వేసుకునే ఉజ్జాయింపు లెక్క ఇది:

- పాస్: సున్నా నుంచి 70 డాలర్ల వరకు
- స్కీలు, బూట్లు, పోల్స్ (చేతి కర్రలు) సీజన్ మొత్తానికి లీజు: 100 నుంచి 200 డాలర్లు
- హెల్మెట్: 30 నుంచి 50 డాలర్లు
- వాడిన బట్టలు, కొత్త గ్లౌజులు: 50 డాలర్ల లోపు
- పెట్రోలు లేదా బస్సు, ఇంటి భోజనం

రద్దీ రోజున కౌంటర్ దగ్గర టికెట్, అద్దె సామాను, పాఠం కొంటే ఇదే డబ్బు ఒక్క రోజుకి సరిపోవడమే కష్టం. పైగా మొదటి రోజంతా పిల్లలు పడుతూ లేస్తూనే ఉంటారు, ఆట రుచి తెలిసేది మూడో రోజుకో నాలుగో రోజుకో. అందుకే ఒక్క పెద్ద ట్రిప్ కన్నా నాలుగు మామూలు రోజులు మేలని గట్టిగా చెబుతాను. బడ్జెట్ వేసేటప్పుడే నాలుగు రోజులకు వేయండి.

2. ఏ నెలలో ఏ పని

- మార్చి, ఏప్రిల్: సీజన్ చివరి అమ్మకాల్లో వచ్చే ఏడాదికి ఒక సైజు పెద్ద జాకెట్, ప్యాంట్ కొనండి.
- ఆగస్టు: స్కూల్ తెరవగానే స్కీ క్లబ్ ఉందా, స్కాలర్‌షిప్ ఉందా అని అడగండి.
- సెప్టెంబర్: స్కూల్ పిల్లల పాస్‌కి రిజిస్టర్ చేయండి. సామాను లీజుకి వెళ్లండి.
- అక్టోబర్, నవంబర్: ఊళ్లో జరిగే స్కీ స్వాప్‌లు, అంటే వాడిన సామాను అమ్మకాలు, చూసుకోండి.
- డిసెంబర్: ఇంట్లోనే బూట్లు తొడిగి, విప్పి అలవాటు చేయించండి.
- జనవరి నుంచి మార్చి వరకు: కొండకి వెళ్లే రోజులు.

ఈ పేజీ మీ కంట పడేసరికే జనవరి వచ్చేసిందా? నిరాశ పడకండి. జనవరిని అమెరికాలో స్కీయింగ్, స్నోబోర్డింగ్ నేర్చుకునే నెలగా జరుపుతారు కాబట్టి కొత్తవాళ్లకు టికెట్, అద్దె, పాఠం కలిపి ఒకే ధరకు ఇచ్చే ప్యాకేజీలు అప్పుడే కనిపిస్తాయి. మార్చిలో ఎండ ఉంటుంది, చలి తగ్గుతుంది, చిన్నపిల్లలకు అది ఇంకా హాయి. స్కూళ్ల స్ప్రింగ్ బ్రేక్ వారాలు మాత్రం తప్పించండి.

3. పిల్లల తరగతి చూసి పాస్ ఎంచుకోండి

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు మిగిలేది ఈ మెట్టులోనే. ఇక్కడ తొందరపడొద్దు.

కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి వరకు: వెయిల్ రిసార్ట్స్ కంపెనీ కొలరాడోలో ఉండే పిల్లలకు "ఎపిక్ స్కూల్‌కిడ్స్" పేరుతో ఉచిత పాస్ ఇస్తుంది. వెయిల్, బీవర్ క్రీక్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ లాంటి చోట్ల ఒక్కో దానిలో నాలుగేసి రోజులు పిల్లలు ఉచితంగా ఆడొచ్చు. ఇంతకు ముందెప్పుడూ స్కీయింగ్ చేయని పిల్లలకు ఒక మొదటి పాఠం, దానికి కావాల్సిన అద్దె సామానుతో సహా ఉచితం. మన కుటుంబాలకు అసలు విలువ ఆ పాఠంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ గడువు సాధారణంగా అక్టోబర్‌లోనే ముగుస్తుంది. గడువు దాటాక ఎంత బతిమాలినా ఇవ్వరు.

మూడో తరగతి నుంచి ఆరో తరగతి వరకు: "కొలరాడో స్కీ కంట్రీ" అనే రిసార్టుల సంఘం "స్కీ పాస్‌పోర్ట్" అమ్ముతుంది. ధర 70 డాలర్లకు అటూ ఇటూ, ముందే కొంటే తక్కువ. లవ్‌ల్యాండ్, వింటర్ పార్క్, స్టీమ్‌బోట్ లాంటి సభ్య రిసార్టుల్లో ఒక్కో చోట నాలుగేసి రోజులు. ఏ ఏడాది ఏ రిసార్టులున్నాయో, ఏ తేదీల్లో చెల్లదో ఆ ఏడాది జాబితాలో చూసుకోండి.

పిల్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఉంటే రెండూ వర్తిస్తాయి. ఉచితంగా వచ్చేది తప్పకుండా తీసుకోండి. రెండోది మీకు దగ్గరగా, చిన్నగా ఉండే కొండలకు పనికొస్తుందనిపిస్తేనే కొనండి.

ఆరో తరగతి దాటినవాళ్లకు ఇలాంటి సులువైన దారి లేదు. వాళ్లకు ఐదో మెట్టులో చెప్పే స్కాలర్‌షిప్‌లు, స్కూల్ స్కీ క్లబ్బుల గ్రూపు ధరలే ఆధారం. నాలుగైదేళ్ల లోపు పసివాళ్లకు చాలా చోట్ల లిఫ్ట్ ఉచితం.

రిజిస్టర్ చేసే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పిల్ల తరగతి చూపించే కాగితం: రిపోర్ట్ కార్డు, లేదా స్కూల్ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ లెటర్
- కొలరాడో చిరునామా రుజువు
- టోపీ, కళ్లజోడు లేకుండా ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో
- తల్లి లేదా తండ్రి ఈమెయిల్, ఫోన్ నంబర్

పెద్దవాళ్లకు టికెట్ కొనాలా? మొదటి రోజుల్లో అక్కర్లేదు. నేర్చుకునేవాళ్ల వాలు చాలా చోట్ల లాడ్జ్ (కొండ కింద కూర్చోవడానికి, తినడానికి ఉండే భవనం) ఎదురుగానే ఉంటుంది. మీరు మంచు బూట్లు వేసుకుని పక్కన నిలబడి చూడొచ్చు. పిల్లలతో పాటు తామూ నేర్చుకోవాలన్న ఆశతో నలుగురికీ టికెట్లు కొని, ఆ ఒక్క రోజుతోనే ఆపేసిన కుటుంబాలను చూశాను. ఈ ఏడాది పిల్లలు, వచ్చే ఏడాది మీరు.

4. కొలరాడో బయట ఉండేవాళ్లకు

ఇలాంటి తరగతి పాస్‌లు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. యూటాలో 4, 5, 6 తరగతులకు, న్యూహాంప్‌షర్, మిషిగన్, పెన్సిల్వేనియాలలో 4, 5 తరగతులకు, వెర్మాంట్‌లో ఐదో తరగతికి ఉన్నాయి. న్యూయార్క్ పాస్‌లో మెలిక ఏమిటంటే, పక్కన పెద్దవాళ్లు టికెట్ కొంటేనే పిల్లల టికెట్ ఉచితమయ్యే పద్ధతి. ఆ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. కెనడాలో 4, 5 తరగతుల పిల్లలకు కెనడియన్ స్కీ కౌన్సిల్ "స్నోపాస్" అమ్ముతుంది, దేశమంతటా సభ్య కొండల్లో చెల్లుతుంది.

న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువ కాబట్టి రెండు మాటలు. ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో "బిగ్ స్నో" అనే ఇండోర్ కొండ ఏడాది పొడవునా నడుస్తుంది. ప్యాకేజీలో స్కీలు, బూట్లు, హెల్మెట్‌తో పాటు జాకెట్, ప్యాంట్ కూడా అద్దెకు వస్తాయి కాబట్టి బట్టలు కొనకుండానే పిల్లకు ఆట నచ్చుతుందో లేదో తెలుసుకోవచ్చు. వెర్నన్‌లో "వింటర్4కిడ్స్" అనే లాభాపేక్ష లేని సంస్థ స్కూళ్లు, పిల్లల సంస్థల ద్వారా వచ్చే గుంపులకు వారాల తరబడి నేర్పిస్తుంది. మీ స్కూల్ పేరు అక్కడ లేకపోతే ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం రాయండి.

5. స్కాలర్‌షిప్ అడగడానికి మొహమాటపడకండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. "మనకంటే లేనివాళ్లకు ఇస్తారు, మనమెందుకు అడగడం" అంటారు. ఆ డబ్బు ఇలాంటి పిల్లల కోసమే పోగుచేసింది. మీరు అర్హులా కాదా అన్నది వాళ్లు తేలుస్తారు. మీ పని దరఖాస్తు పెట్టడం వరకే.

కొలరాడోలో మొదట చూడాల్సినది "ఎస్‌ఓఎస్ అవుట్‌రీచ్". 1993లో వెయిల్ ప్రాంతంలో మొదలైన సంస్థ ఇది. పిల్లలకు లిఫ్ట్ టికెట్, సామాను, పాఠంతో పాటు ఒక మెంటర్‌ని జతచేస్తారు, ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. స్నోబోర్డింగ్‌కి "చిల్ ఫౌండేషన్" ఉంది. బర్టన్ స్నోబోర్డ్ కంపెనీ స్థాపకులు 1995లో పెట్టినది. ఇందులో సాధారణంగా కుటుంబాలు నేరుగా చేరవు. స్కూళ్లు, పిల్లల సేవా సంస్థలు పేర్లు పంపుతాయి. కాబట్టి మీరు కలవాల్సింది స్కూల్ కౌన్సిలర్‌ని. "షేర్ వింటర్ ఫౌండేషన్" స్థానిక కార్యక్రమాలకు నిధులిచ్చే సంస్థ. వాళ్ల సాయంతో మీ దగ్గర్లో ఏం నడుస్తోందో వెతకడానికి ఆ పేరు పనికొస్తుంది.

అడిగే పద్ధతి ఇలా:

- ముందు స్కూల్ కౌన్సిలర్‌కి లేదా పీఈ (ఆటల) టీచర్‌కి ఈమెయిల్. పిల్ల పేరు, తరగతి, స్కీయింగ్ ఎప్పుడైనా చేసిందా, మీకు ఏది భారమవుతోంది (సామానా, ప్రయాణమా) అన్నవి స్పష్టంగా నాలుగు వాక్యాల్లో రాయండి. కథంతా అక్కర్లేదు.
- స్కూల్‌లో ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హత లెటర్ ఉంటే జతచేయండి. చాలా సంస్థలు ఇంకే ఆదాయ రుజువూ అడగవు.
- వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో స్కూళ్లలో పని ఎక్కువ, ఈమెయిల్ మరుగునపడిపోవడం మామూలే.
- సీట్లు నిండాయంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. డిసెంబర్‌లో తప్పుకునేవాళ్లు ఉంటారు.

వీసా మీద ఉన్నవాళ్లకు ఒక టెన్షన్ ఉంటుంది: ఇలాంటి సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డుకి అడ్డమా అని. ప్రైవేటు సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్ ప్రభుత్వ సహాయం కిందికి రాదు. మీ కేసు గురించి ఇంకేదైనా అనుమానం ఉంటే మీ లాయర్‌ని ఒక్క మాట అడిగి మనసు కుదుటపరుచుకోండి.

6. సామాను: ఏది లీజు, ఏది పాతది, ఏది కొత్తది

పిల్లలకు స్కీ సామాను కొత్తది కొనకండి. ఏడాదికి పాదం పెరుగుతుంది, ఎత్తు పెరుగుతుంది. సీజన్ లీజు తీసుకుంటే వేసవి చివర్లో తెచ్చుకుని సీజన్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు. మధ్యలో పాదం పెరిగితే బూటు మార్చి ఇచ్చే షాపులు చాలా ఉన్నాయి. తీసుకునే ముందు ఆ ప్రశ్న అడిగి, రసీదు మీద రాయించుకోండి. కొండ దగ్గర రోజు అద్దె మూడు నాలుగు రోజులకే సీజన్ లీజు ధరను మించిపోతుంది.

బూటు దగ్గర మాత్రం తొందరపడకండి. పిల్ల ఏడ్చి కొండ దిగి వచ్చేసిందంటే చాలాసార్లు కారణం బూటే. స్కీ బూట్ల సైజు పాదం పొడవుని సెంటీమీటర్లలో చెబుతుంది. షాపులో ఇలా చూడండి:

- పల్చటి సాక్సు ఒక్కటే వేయండి. చలి అని రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి వేళ్లు ఇంకా చల్లబడతాయి.
- లోపలి మెత్తని లైనర్ బయటికి తీసి, ఉత్త ప్లాస్టిక్ తొడుగులో పాదం పెట్టించండి. వేళ్లు ముందుకు ఆనించి, మడమ వెనుక మీ వేలు పెట్టండి. వేలు, వేలున్నర మందం ఖాళీ ఉంటే సరి. రెండు వేళ్లు దాటితే పెద్దది.
- లైనర్ మళ్లీ పెట్టి, బకిల్స్ బిగించి, మోకాళ్లు ముందుకు వంచమనండి. మడమ పైకి లేస్తే చిన్న సైజు చూడండి.
- బూట్లతో పది నిమిషాలు షాపులో నడిపించండి. పిల్ల "ఇక్కడ గుచ్చుతోంది" అని చూపించిన చోటు తేలిగ్గా తీసుకోవద్దు.

"వచ్చే ఏడాదికి కూడా వస్తుంది" అని పెద్ద బూటు కొనడం మన అలవాటు. జాకెట్‌కి అది మంచిదే, బూటుకి ప్రమాదం. లోపల పాదం కదిలితే స్కీ మాట వినదు, కాలు మెలిపడుతుంది.

స్కీలు మొదటిసారి నేర్చుకునేవాళ్లకు నిలబెడితే ఛాతీ నుంచి గడ్డం మధ్య వరకు రావాలి. బైండింగ్ అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే యంత్రం. పడ్డప్పుడు అది వదిలేయాలి, ఊరికే వదలకూడదు. దాన్ని బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి శిక్షణ పొందిన టెక్నీషియన్ సరిచేయాలి. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ఎవరూ తిప్పకండి. బరువు అడిగితే సరిగ్గా చెప్పండి.

వాడిన సామాను కొనేటప్పుడు తప్పించాల్సినవి రెండు. మరీ పాత బైండింగ్‌లను షాపులు ముట్టుకోవు, తయారీదారులు వాటికి బాధ్యత తీసుకోవడం మానేసి ఉంటారు. స్కీ స్వాప్‌లో ఏది కొనాలన్నా ముందు ఫోటో తీసి మీ షాపుకి పంపి "దీన్ని సెట్ చేస్తారా" అని అడగండి. రెండోది హెల్మెట్. ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పగిలి ఉంటుంది. కాబట్టి హెల్మెట్ మాత్రం కొత్తది కొనండి, లేదా షాపు నుంచి అద్దెకు తీసుకోండి. లోపలి స్టిక్కర్ మీద స్కీ హెల్మెట్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం ఎఫ్2040 లేదా ఈఎన్ 1077 ఉండాలి. సైకిల్ హెల్మెట్ సరిపోదు.

స్కీయా, స్నోబోర్డా? ఏడేళ్ల లోపు పిల్లలకు స్కీలే సులువు. స్నోబోర్డ్ మొదటి రెండు రోజులు కష్టం, పడినప్పుడు చేతుల మీద పడతారు. బోర్డే కావాలని పిల్ల పట్టుబడితే మణికట్టు గార్డులు తప్పనిసరిగా కొనండి.

7. బట్టలు: కాటన్ ఒక్కటీ వద్దు

జీన్స్, కాటన్ టీషర్టు, కాటన్ సాక్సులు తడిస్తే ఆరవు. గంటలో పిల్ల వణికిపోతుంది. మూడు పొరలు వేయండి: ఒంటికి ఆనుకుని పాలిస్టర్ లేదా ఊలు, దాని మీద ఫ్లీస్ లేదా అమ్మమ్మ అల్లిన ఊలు స్వెటర్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంట్. స్పోర్ట్స్ టీషర్టు కూడా లోపలి పొరగా పనికొస్తుంది, ప్రత్యేకంగా కొననక్కర్లేదు.

జాకెట్, ప్యాంట్ వాడిన వస్తువులు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో, వస్తువులు ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే ఫేస్‌బుక్ బై నథింగ్ గ్రూపుల్లో దొరుకుతాయి. పాత ప్యాంట్ కొనే ముందు బయటివైపు గుడ్డ మీద, కూర్చునే చోట, మోకాళ్ల దగ్గర నాలుగు చుక్కల నీళ్లు పోసి చూడండి. ఇంకిపోతే వాటర్ ప్రూఫ్ స్ప్రే అవసరం, ముత్యాల్లా జారితే మంచిది.

కొత్తగా కొనాల్సినవి గ్లౌజులు. వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్స్ చిన్నపిల్లలకు వెచ్చగా ఉంటాయి, తొడగడం తేలిక. మధ్యాహ్నానికి తడుస్తాయి కాబట్టి ఇంకో జత బ్యాగులో ఉండాలి. మంకీ క్యాప్ హెల్మెట్ కింద వద్దు, హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. బదులుగా మెడకి నెక్ వార్మర్ వేయండి. గాగుల్స్, సన్‌స్క్రీన్ మరిచిపోవద్దు. మన రంగుకి ఎండ ఏం చేస్తుందిలే అనుకుంటారు, ఆ ఎత్తున మంచు మీద పడి తిరిగొచ్చే ఎండ ముఖాన్ని కమిలిపోయేలా చేస్తుంది.

8. కొండ, ప్రయాణం, తిండి

మొదటి రోజులకు పెద్ద పేరున్న రిసార్టు కన్నా దగ్గర్లోని చిన్న కొండ మంచిది. పార్కింగ్ దగ్గర, లైన్లు చిన్నవి, తప్పిపోయే భయం లేదు. డెన్వర్ నుంచి ఎకో మౌంటెన్, లవ్‌ల్యాండ్, బౌల్డర్ వైపు నుంచి ఎల్డోరా ఈ పనికి బాగుంటాయి. లవ్‌ల్యాండ్‌లో నేర్చుకునేవాళ్ల కోసం వేరే లోయే ఉంది.

కారు లేకపోయినా వెళ్లొచ్చు. బౌల్డర్ నుంచి ఎల్డోరాకి ఆర్‌టీడీ (డెన్వర్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ) బస్సు ఉంది, 19 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు ఆర్‌టీడీలో ప్రయాణం ఉచితం. డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి సీజన్‌లో "స్నోస్టాంగ్" బస్సులు కొన్ని రిసార్టులకు నడుస్తాయి. సీట్లు ముందే బుక్ చేసుకోండి.

కారులో వెళ్తే టైర్లు చూసుకోండి. సెప్టెంబర్ నుంచి మే వరకు ఐ-70 హైవే మీద మోరిసన్, డాట్సెరో మధ్య ట్రాక్షన్ చట్టం ఉంటుంది. టైరు గాడి లోతు కనీసం అంగుళంలో 16వ వంతులు మూడు ఉండాలి, మంచుకి తగిన టైర్లో, నాలుగు చక్రాల డ్రైవో, చైన్లో ఉండాలి. జరిమానా మిగిల్చుకున్న డబ్బంతా తినేస్తుంది, అంతకన్నా ముఖ్యం, లోపల పిల్లలుంటారు. ఉదయం ఆరున్నరకల్లా బయల్దేరండి, లేదా మధ్యాహ్నం రెండింటికే తిరుగు ప్రయాణం కట్టండి. రెండూ చేస్తే ఇంకా మంచిది.

లాడ్జ్ కేఫ్‌లో ఒక్క భోజనం మీ వారం కూరగాయల ఖర్చంత అవుతుంది. చాలా చోట్ల ఇంటి డబ్బాలు తినడానికి బల్లలుంటాయి. పులిహోర, చపాతీ రోల్స్, ఉడికించిన గుడ్లు చల్లారినా బాగుంటాయి. ఫ్లాస్కులో వేడి పాలో, చారో పోసుకెళ్లండి. పిల్లల జాకెట్ జేబులో వేరుశనగ చిక్కీ ముక్క పెట్టండి. నీళ్లు మాత్రం అడక్కముందే తాగించండి. డెన్వర్ 5,280 అడుగులు, లవ్‌ల్యాండ్ కింది భాగమే దాదాపు 10,800. తలనొప్పి, వాంతి లక్షణాలు కనిపిస్తే ఆట ఆపి కిందికి తీసుకొచ్చేయండి.

9. మొదటి రోజు వరుస

1. లైన్ మొదలయ్యే ముందే చేరండి. టాయిలెట్ అయ్యాకే బూట్లు వేయండి.
2. పిల్ల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం, మీ ఫోన్‌లో ఇన్సూరెన్స్ కార్డు ఫోటో ఉండాలి.
3. గ్రూపు పాఠంలో చేర్చండి. ఇన్‌స్ట్రక్టర్‌కి పిల్ల ఇంగ్లిష్ కొత్త అయితే చెప్పండి, చూపించి నేర్పుతారు.
4. పాఠం జరుగుతుండగా దూరంగా ఉండండి. తండ్రి పక్కనుంచి "అలా కాదు, ఇలా" అని అరుస్తుంటే పిల్ల ఇద్దరి మాటా వినదు.
5. పడటం, లేవడం, ముందువైపు స్కీలు దగ్గరచేసి ఆపడం, ఈ మూడు వచ్చేదాకా కన్వేయర్ బెల్టులా పైకి తీసుకెళ్లే మ్యాజిక్ కార్పెట్ దగ్గరే ఉంచండి. ఆగడం రాకుండా కుర్చీ లిఫ్ట్ ఎక్కించకండి.
6. గంటకోసారి లోపలికి పిలిచి వేళ్లు, ముక్కు, చెవులు చూడండి.
7. కింద ఉన్నవాళ్లకే దారి అని నేర్పండి. పైనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి.
8. "ఇంకొక్కసారి" అంటుండగానే ఆపండి. అలసిపోయాక తీసే ఆ చివరి పరుగులో దెబ్బలు తగలడం తేలిక.

దెబ్బ తగిలితే లేపి నడిపించకండి. దగ్గర్లోని లిఫ్ట్ సిబ్బందికి చెబితే స్కీ పట్రోల్ (కొండ మీది సహాయక బృందం) వస్తుంది. కొండ మీంచి కిందికి దించడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. బిల్లు భయంతో వాళ్లను పిలవకుండా ఉండొద్దు.

10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, సరిదిద్దే దారి

- ఉచిత పాస్ గడువు తప్పిపోయింది: పిల్ల మూడో తరగతిలోనో, ఆ పైనో ఉంటే స్కీ పాస్‌పోర్ట్ చూడండి. లేకపోతే జనవరి కొత్తవాళ్ల ప్యాకేజీ.
- పిల్ల "కాళ్లు నొప్పి" అంటోంది: బూటు లోపల ప్యాంట్ అంచు, సాక్సు మడత ఇరుక్కుందేమో చూడండి. బూటులో సాక్సు తప్ప ఇంకేమీ ఉండకూడదు.
- వేళ్లు చల్లబడ్డాయి: కాలి వేళ్లయితే బూటు పైన రెండు బకిల్స్ వదులు చేసి, లోపలికి తీసుకెళ్లి వెచ్చబరచండి. చేతి వేళ్లయితే మిటెన్స్ మార్చండి.
- గాగుల్స్ మసకబారుతున్నాయి: నుదుటి మీదికి నెట్టొద్దు, గుడ్డతో లోపల రుద్దొద్దు. విప్పి గాలికి ఆరనివ్వండి.
- లాంగ్ వీకెండ్‌కే సెలవు దొరుకుతుంది: మార్టిన్ లూథర్ కింగ్ డే, ప్రెసిడెంట్స్ డే వారాంతాల్లో రద్దీ, ధరలు రెండూ ఎక్కువ. టీచర్ల పనిదినం అని పిల్లలకు స్కూల్ సెలవిచ్చే మామూలు రోజు చూసి వెళ్లండి.
- ఒక్కరోజుకే పిల్లకు ఇష్టం పోయింది: సీజన్ లీజు ఉందిగా అని బలవంతపెట్టకండి. రెండు వారాలు ఆగి, స్నేహితురాలితో కలిపి పంపి చూడండి.

11. నలుగురి పిల్లల్ని కలిపి తీసుకెళ్లాలంటే

మీ అపార్ట్‌మెంట్‌లోనో, తెలుగు సంఘంలోనో పదిమంది పిల్లలుంటే ఖర్చు ఇంకా దిగుతుంది. రిసార్టుల్లో గ్రూపు సేల్స్ అని వేరే విభాగం ఉంటుంది. మామూలు రోజున పదిహేనూ ఇరవైమందికి టికెట్, అద్దె, పాఠం కలిపి ధర అడగండి. పిల్లల వయసులు, ఎవరికి ఏం వచ్చు, తేదీ ముందే రాసిపెట్టుకుని ఫోన్ చేస్తే పని త్వరగా తేలుతుంది.

అంతకన్నా మేలైనది సామాను లైబ్రరీ. పాతబడని జాకెట్లు, ప్యాంట్లు, గాగుల్స్ ప్రతి తెలుగింట్లో అటకమీద పడున్నాయి. ఎవరో ఒకరి గ్యారేజీలో పెట్టి ఇలా నడపండి:

- ప్రతి బట్టకీ వయసు కాదు, ఎత్తు, నడుం కొలత రాసిన చీటీ కట్టండి.
- బట్టలు, గాగుల్స్, నెక్ వార్మర్లు తీసుకోండి. హెల్మెట్లు, పాత బైండింగ్‌లున్న స్కీలు తీసుకోకండి.
- ఎవరు ఏం తీసుకెళ్లారో ఒక వాట్సాప్ గ్రూపులో ఫోటోతో పెట్టండి. డిపాజిట్ అడగొద్దు, అది లేనివాళ్ల కోసమే కదా ఇదంతా.
- సాయం తీసుకునే కుటుంబం పేరు గ్రూపులో అందరికీ తెలియనవసరం లేదు. అడిగేవాళ్లు ఒక్కరికే మెసేజ్ చేసేలా ఏర్పాటు ఉండాలి.

ఆ చివరి మాటకు నేను చాలా విలువిస్తాను. స్కూల్‌లో ఇప్పటికే వెనకబడ్డాననుకునే పిల్లకు మన సంఘంలో కూడా అదే అనిపిస్తే తను మళ్లీ రాదు.

12. సీజన్ అయిపోయాక

- లీజు సామాను గడువులోపు తిరిగి ఇవ్వండి. ఆలస్య రుసుము ఉంటుంది.
- బూట్ల లైనర్లు, గ్లౌజులు పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి. తడిగా మూస్తే బూజు పడుతుంది.
- పిల్ల ఏ రంగు రన్ (కష్టాన్ని బట్టి రంగు గుర్తు పెట్టిన వాలు) దాకా వెళ్లిందో రాసుకోండి. వచ్చే ఏడాది బైండింగ్ సెట్ చేసేటప్పుడు, పాఠంలో చేర్చేటప్పుడు అడుగుతారు.
- చిన్నదైన జాకెట్ లైబ్రరీకి ఇవ్వండి, పక్కింటి పిల్లకు సరిపోతుంది.
- స్కాలర్‌షిప్ ఇచ్చిన సంస్థకి పిల్ల చేతే ఒక ఉత్తరం రాయించండి. వచ్చే ఏడాది చోటు కొనసాగించమని అందులోనే అడగండి.
- ఫోన్‌లో సెప్టెంబర్ 1కి రిమైండర్ పెట్టండి: పాస్ రిజిస్ట్రేషన్.